పన్నెండు బంతుల స్వెట్టరు

ఆ రోజుల్లో మా మెట్ట ప్రాంతంలో చలి దిగిందంటే మనుషులకి కొత్త ప్రాణం వచ్చేది. "చలికి సంబరం ఏంటి అమ్మమ్మా?" అని మా మనవరాళ్ళు నవ్వుతారు గానీ, ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండలో వేగినవాళ్ళకే మిగిలిన మూడు నెలల విలువ తెలుస్తుంది. (నందిగామ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు చెప్పినా నమ్మరు.) డిసెంబరు రాగానే బజారు రంగే మారిపోయేది. పొద్దున్న ఏడున్నరకి కూడా బస్సులు లైట్లు వేసుకుని మంచులోంచి వచ్చేవి. హోటలు ముందు పెసరట్టు కోసం నిలబడ్డవాళ్ళు అది వచ్చేలోపు పెనం సెగకే చేతులు చాపి కాచుకునేవారు. తేగల కట్టలు, గంపల నిండా రేగిపళ్ళు, తంపటేసిన వేరుశెనక్కాయల వాసన, మా ఆడపిల్లల జడల్లో ఊదారంగు డిసెంబరు పూలు, క్రిస్మస్‌కని మావాళ్ళ ఇళ్ళ చూరులకి వెదురు బద్దలతో కట్టిన రంగు కాగితాల నక్షత్రాలు. నాకైతే ఆ నెలంతా ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు నడక కాస్తా పరుగైపోయేది. వీటన్నిటినీ మించిన సంబరం ఇంకోటి ఉండేది. అదే బాల్ బ్యాడ్మింటన్.

చలికాలం సాయంత్రాలు నాలుగయ్యేసరికి ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది కోర్టు దగ్గరే ఉండేవారు. (న్యాయం చెప్పే కోర్టు కాదు, సున్నం గీతల కోర్టు. నందిగామలో రెండూ ఉండేవి, రెండో దానికే జనం ఎక్కువ.) జట్టుకి ఐదుగురు. ఏటా క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజున నందిగామకీ జగ్గయ్యపేటకీ మ్యాచి. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరివాళ్ళు వచ్చినవాళ్ళకి టిఫిను పెట్టాలి, కొత్త బంతులు పెట్టాలి. బంతులు పెట్టలేకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు లెక్క. ఇది ఎక్కడా రాసి లేదు గానీ, రాసి ఉన్నవాటికంటే గట్టిగా అమలయ్యేది. అప్పటికి వరసగా మూడేళ్ళు నందిగామ ఓడిపోయింది. ఆ మూడేళ్ళలో జగ్గయ్యపేట వెళ్ళిన నందిగామ పెళ్ళివారికి కూడా విడిదింట్లో ఎవరో ఒకరు "బంతి కనపడుతుందా అండీ మీకు?" అని మర్యాదగా అడిగేవారట.

నా పరిస్థితి రెండు ఊళ్ళ మధ్య నలిగింది. నేను పుట్టి పెరిగింది జగ్గయ్యపేట. నాన్న అక్కడ బడిలో మాస్టారు, ఆదివారం చర్చిలో వాక్యం చదివే పెద్దమనిషి, మిగిలిన ఆరు రోజులూ జగ్గయ్యపేట జట్టుకి వీరాభిమాని. ఆ సంవత్సరమే నేను ట్రైనింగు ముగించి, ఇరవయ్యేళ్ళకి నందిగామలో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరాను. మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్తయ్య కొడుకు, అంటే మా బావ, తాలూకా ఆఫీసులో గుమాస్తా. నందిగామ జట్టుకి నాయకుడు కూడా అతనే. మూడు ఓటముల్లో రెండు అతని నాయకత్వంలోనే జరిగాయి కాబట్టి ఆ ఏడాది గెలవకపోతే రాకెట్టు అటకెక్కించేస్తానని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. అన్నం తింటూ గాలిలోకి చెయ్యి విసిరేవాడు. ఆఫీసు నుంచి వస్తూ దారిలో కనపడిన ప్రతి రేగిపండునీ అరచేత్తో ఎగరేసి కొట్టేవాడు. అతన్ని చూస్తే నాకు నవ్వొచ్చేది. నవ్వు మాత్రమే వచ్చేదని అప్పట్లో అనుకునేదాన్ని.

నా పిచ్చి నాది. మా బడి పెద్ద టీచరు గారు ఎక్కడో స్వెట్టరు అల్లడం నేర్చుకుని వచ్చి మా అందరికీ ఆ జబ్బు అంటించారు. అల్లే సూదులు దొరికేవి కావు. సైకిలు షాపులో పాత స్పోకులు అడిగి తెచ్చుకుని, బండ మీద మొనలు అరగదీసుకుని, వాటితోనే అల్లేవాళ్ళం. మధ్యాహ్నం బెల్లు కొడితే చాలు, ఐదుగురు టీచర్లం ఎండలో వరసగా కూర్చుని "రెండు నేరుగా, రెండు తిరగేసి" అని ఎక్కాల్లా వల్లించేవాళ్ళం. మాకు చదువు చెబుతున్నదెవరో, నేర్చుకుంటున్నదెవరో పిల్లలకి అర్థమయ్యేది కాదు. ఆ క్రిస్మస్‌కి నాన్నకి స్వెట్టరు అల్లి ఇస్తానని నేను ఉత్తరం రాసేశాను. నాన్న చలికి చిల్లుల శాలువా కప్పుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని చర్చికి వెళ్ళేవాడు. వాక్యం చదివేటప్పుడు ఒళ్ళంతా కప్పుకుని ఉండటం బావుండదని శాలువా తీసేసి, వణుకుతూ చదివేవాడు. అది చూసి జనం ఆయన భక్తికి కదిలిపోయేవారు. అది భక్తి కాదు, చలి అని మా ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలుసు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. బెజవాడ బస్సులో ఒక కండక్టరు గారుండేవారు. చీటీల కండక్టరు అనేవాళ్ళం. నందిగామలో దొరకనిది ఏది కావాలన్నా, ఒక కాగితం మీద రాసి ఆయన చేతికిస్తే సాయంత్రానికో మర్నాటికో బెజవాడ నుంచి వచ్చి పడేది. కళ్ళజోడు దగ్గర్నుంచి దగ్గు మందు దాకా, పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి కుట్టు మిషను బెల్టు దాకా ఆయన తేనిది లేదు. చొక్కా జేబులో టిక్కెట్లకంటే చీటీలే ఎక్కువ. ఒకరి వస్తువు ఇంకొకరికి ఇవ్వడం అనేది ఆయన చరిత్రలో లేదు. ఒక రోజు పొద్దున్న నేను "లేత పసుపు ఊలు, ఒక స్వెట్టరుకి సరిపడా" అని చీటీ రాసి ఇచ్చాను. అదే బస్సుకి, నా వెనకాలే, బావ కూడా ఏదో చీటీ ఇచ్చాడు. ఏం రాశాడో నేను అడగలేదు. గుమాస్తా కాబట్టి సిరాబుడ్డో, కలమో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వస్తుంటే బస్సు కదలబోతోంది. ఆయన ఫుట్‌బోర్డు మీద నుంచి నన్ను చూసి ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టేశారు. "మీ ఇంటిదేనమ్మా! ఒక చీటీదే దొరికింది, రెండోది దొరకలా. మళ్ళీ తెస్తానని చెప్పండి!" అని అరిచి విజిలు వేశారు. బస్సు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి పెట్టె విప్పితే, పసుపుముద్దల్లాంటి ఊలు ఉండలు! ఒకే సైజువి, సరిగ్గా పన్నెండు, అచ్చు లడ్డూల్లా పేర్చి ఉన్నాయి. నేనడిగింది లేత పసుపు, వచ్చింది బంతిపువ్వు రంగు. అయితేనేం, ఊలు ఊలే. ఒక్కో ఉండనీ విప్పిపోకుండా ఎంత బిగువుగా చుట్టి, పైన ఎంత చక్కగా కుట్టారో! "బెజవాడ బెజవాడే అత్తయ్యా, చూడు వాళ్ళ పనితనం" అన్నాను. అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇంత గట్టిగా ఎందుకు చుట్టారే? విప్పడానికే ఒక పూట పట్టేట్టుంది" అంది.

(తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బాల్ బ్యాడ్మింటన్ బంతిని పసుపుపచ్చ ఊలుతోనే చేస్తారు. మరి నీకు తెలియదా అంటే, నాకెలా తెలుస్తుంది? ఆడవాళ్ళం కోర్టు పక్క నుంచి తల వంచుకుని వెళ్ళడమే గానీ ఆగి చూసింది లేదు. మా బావ ఇంటికి తెచ్చే పాత బంతులు నల్లరేగడి మట్టి కొట్టుకుని, పీచు లేచి, ఎండిపోయిన ముష్టికాయల్లా ఉండేవి. వాటిని గోనెగుడ్డతో చేస్తారని నా నమ్మకం.)

బావ రాగానే చెప్పాను. "నాది దొరికింది బావా. నీది దొరకలేదట. మళ్ళీ తెస్తానన్నారు." బావ ఏమీ కంగారు పడలేదు. "ఆయన తెస్తానన్నాడంటే తెచ్చినట్టే" అన్నాడు. ఆ మర్నాటి నుంచే ఆ కండక్టరు గారు చెల్లెలి పెళ్ళని సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. ఇంకెవరితోనైనా తెప్పించుకోమంటే, ఆయన మాట తప్పడని బావ వినలేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో రెండు వారాల పాటు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంగు నోటికి అడ్డం పెట్టుకోవాలనిపిస్తుంది. ఉండలు విప్పితే ఊలంతా ఉంగరాల జుట్టులా మెలికలు తిరిగి ఉంది. పెద్ద టీచరు గారు చూసి, "తడిపి, చిలప చుట్టి, ఆరేసి, మళ్ళీ వదులుగా చుట్టుకోవాలమ్మా" అన్నారు. చిలప చుట్టాలంటే ఎదురుగా ఒక మనిషి రెండు చేతులూ చాపుకుని కూర్చోవాలి. ఆ మనిషి ఎవరు? బావే! సాయంత్రం ఆట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముక్కాలిపీట మీద చేతులు చాపుకుని కూర్చునేవాడు. ఆ చేతుల చుట్టూ నేను వాళ్ళ ఊరి పరువుని వరసలు వరసలుగా చుడుతూ ఉండేదాన్ని. అతనేమో నిట్టూర్చేవాడు.

"ఇవాళ కూడా రాలేదు మన కండక్టరు."

"వస్తార్లే బావా. చెయ్యి కదపకు."

"పాతవాటితో ప్రాక్టీసు చేస్తుంటే చేతులు పడిపోతన్నాయ్. కొత్త బంతి మీద చెయ్యి పడితే ఆ రుచే వేరు, నీకు తెలీదు."

"అవునా పాపం."

"ఈ రంగు ఎక్కడో చూశా" అని ఒకసారి చేతుల వంక చూసుకున్నాడు. నా గుండె ఎందుకూ ఝల్లుమనలేదు, నాకేం తెలుసని ఝల్లుమనడానికి! "బంతిపూలలో చూసుంటావ్" అన్నాను. "అంతేలే" అన్నాడు. రోజూ ఆ వస్తువుతోనే ఆడే మనిషి, దాన్ని రెండు చేతుల నిండా వేసుకుని కూర్చుని, అది రాలేదని బెంగపడటం ఎక్కడైనా ఉందా? మగవాళ్ళకి వెతుకుతున్న వస్తువు చేతిలో ఉంటే కనపడదని ఆనాడే నాకు రూఢి అయింది.

క్రిస్మస్ నాటికి స్వెట్టరు పూర్తయింది. పన్నెండు ఉండలూ సరిగ్గా సరిపోయాయి, జానెడు ఊలు కూడా మిగల్లేదు. పండగ పొద్దున్న జగ్గయ్యపేటలో నాన్న తెల్ల పంచె మీద, తెల్ల చొక్కా మీద ఆ స్వెట్టరు తొడుక్కుని చర్చికి బయల్దేరితే వీధి వీధంతా తిరిగి చూసింది. బంతిపూల తోటలో నిలబెడితే కనపడేవాడు కాదు, వీధిలో మాత్రం ఫర్లాంగు దూరానికి కనపడ్డాడు. ఆ రోజు నాన్న వణక్కుండా వాక్యం చదివాడు. వెనక వరసలో నేను ఏడ్చేశాను, సిగ్గులేకుండా, పమిట తడిసేలా. బయటికి రాగానే పెద్దలు చుట్టూ మూగి "ఏ షాపులోది మాస్టారూ?" అని అడిగితే, నాన్న ఛాతీ విరిచి "నా కూతురు అల్లింది!" అన్నాడు. ఆ తరవాత మూడు రోజులూ ఎండలో కూడా విప్పలేదు.

మూడో రోజు మ్యాచి నందిగామలో. నేను ముందు రోజే అత్తయ్య ఇంటికి వచ్చేశాను. పొద్దున్న తొమ్మిదింటికి మంచు విడిపోయి, కోర్టు చుట్టూ గోడల మీద, బండ్ల మీద, చెట్టుకొమ్మల మీద జనం. మా పెద్ద టీచరు గారు ధైర్యం చేసి "అతిథులకి టిఫిను వడ్డించాలి కదా" అనే వంక పెట్టి ఆడవాళ్ళందరినీ కోర్టు పక్కన షామియానా కిందకి చేర్చారు. జగ్గయ్యపేట బస్సు రానే వచ్చింది. ముందుగా దిగింది వాళ్ళ జట్టు నాయకుడు, ఆరడుగుల మనిషి, టెలిగ్రాఫు స్తంభం అని పేరు. వెనకాల అభిమానులు, వాళ్ళ మధ్యలో పచ్చగా మెరిసిపోతూ మా నాన్న. అందరికంటే చివర దిగింది ఎవరనుకున్నారు? చీటీల కండక్టరు గారు! సెలవు నుంచి వచ్చి ఆ వేళ ఆ బస్సుకి డ్యూటీ వేయించుకున్నారట.

బావ ఒక్క గెంతులో ఆయన్ని పట్టుకున్నాడు. "వచ్చారా బాబూ! మీ కోసం ప్రాణం అరచేతిలో పెట్టుకుని చూస్తన్నా. బంతులేవీ?"

"ఏం బంతులండీ?"

"అదేంటండీ! చీటీ ఇచ్చా కదా, డజను కొత్త బంతులని!"

"అయ్యో, అవి ఎప్పుడో తెచ్చేశా కదండీ. ఊలు దొరకలేదు గానీ బంతులు దొరికినయ్. అట్టపెట్టె మీ టీచరమ్మ గారి చేతికే ఇచ్చానే!"

బావ నా వైపు తిరిగాడు. నేను బావ వైపు చూశాను. అప్పుడు నాకు ఒక్కొక్కటే వెలగడం మొదలైంది. ఒకే సైజు ఉండలు. బిగువైన చుట్టుడు. పైన కుట్టు. డజను. నా కళ్ళు వాటంతట అవే మెల్లగా జరిగి, ప్లేటులో ఉప్మా పెట్టించుకుంటున్న నాన్న మీద ఆగాయి. నా చూపు వెంటే బావ చూపు వెళ్ళింది. బావ చూపు వెంట జట్టు చూపు, జట్టు వెంట ఊరు. నాలుగైదు వందల మంది తన స్వెట్టరు వంక కళ్ళార్పకుండా చూస్తుంటే నాన్న మురిసిపోయి, చెంచా కింద పెట్టి, "మా అమ్మాయి అల్లిందండీ!" అని అందరికీ వినపడేలా చెప్పాడు.

ఆ తరవాత లేచిన నవ్వు, అరుపులు, ఈలలు నేను రాయలేను. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననుకున్నాను గానీ రేగడి భూమి చలికాలంలో చీలదు. టెలిగ్రాఫు స్తంభం రాకెట్టు చంకలో పెట్టుకుని, "అయితే బంతుల్లేవన్నమాట. పద్ధతి ప్రకారం మేం గెలిచినట్టే కదండీ? ఇక పెసరట్లు తిని పోతాం" అన్నాడు. పాత బంతులతో ఆడదామంటే ఒప్పుకోలేదు. బెజవాడ పోయి వచ్చేసరికి సాయంత్రమైపోతుంది. బావ రాకెట్టు వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆడి ఓడిపోతే ఒక తీరు, మరదలు బంతుల్ని అల్లేయడం వల్ల ఓడిపోయిన నాయకుడు ఈ భూమ్మీద ఇంకెవడైనా ఉన్నాడా? ఆ మొహం చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్క తిట్టు తిట్టినా తేలిగ్గా ఉండేది.

అప్పుడు నాన్న ప్లేటు పక్కన పెట్టి కోర్టు మధ్యలోకి నడిచాడు. "మాది జగ్గయ్యపేటే. మనం గెలవాలనే నేనూ వచ్చా" అని వాళ్ళవాళ్ళతో అన్నాడు. "కానీ గెలవాలంటే ఆడి గెలవాలయ్యా. వాళ్ళ బంతులు నేను తొడుక్కుని కూర్చుని గెలిచామంటే, రేపు బళ్ళో పిల్లలకి నేనేం మొహం చూపిస్తా?" అంటూ స్వెట్టరు తల మీదుగా లాగేశాడు. చలి ఇంకా పోలేదు, పల్చటి చొక్కాలో ఆయన భుజాలు ఒక్కసారి వణికాయి. "ఎక్కడ విప్పాలో చెప్పమ్మా" అన్నాడు.

ఎవరో ఒక చివర పట్టి లాగబోయారు. "ఆగండి!" అన్నాను. ఆ ఆఖరి ముడి ఎక్కడుందో ఈ ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. తప్పుచోట లాగితే ఊలంతా తెగి, పీలికలవుతుంది. అంటే నేను వెళ్ళాలి. ఇంతమంది మగవాళ్ళ మధ్యకి, ఇంత చేసినదాన్ని, తల ఎత్తుకుని. వెళ్ళాను. కోర్టు మధ్యలో చతికిలబడి, ఎడమ చెయ్యి కుట్టు విప్పి, ముడి వెతికి పళ్ళతో కొరికి, దారం చివర బావ చేతికిచ్చాను. "చుట్టు" అన్నాను. ఈసారి విప్పుతున్నది నేను, చుడుతున్నది అతను.

ఇక ఊరంతా కదిలింది. కిరాణా శెట్టిగారు యాలకులు తూచే చిన్న త్రాసు తెప్పించి ఒక పక్క పాత బంతి, ఒక పక్క కొత్త బంతి వేసి, "ఇంకో రెండు చుట్లు పడాలి" అని దగ్గరుండి తూచారు. అత్తయ్య, పెద్ద టీచరు గారు షామియానా వదిలేసి గీత మీదే కూర్చుని పైకుట్లు వేశారు. డ్రిల్లు మాస్టారు ఆ రోజు అంపైరు. ఆయన ఒక్కో బంతినీ నేలకేసి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఎందుకో గాని వాసన కూడా చూసి, "పాస్" అనేవారు. రెండు చేతులకి నాలుగు బంతులు, మెడపట్టీకి ఒకటి. టెలిగ్రాఫు స్తంభం కూడా ఇంక ఆపుకోలేక, "అట్ట గాదండీ, ఇట్ట బిగించాలి" అని వచ్చి కూర్చుని ఒక బంతి చుట్టి ఇచ్చాడు. మిగిలిన చేతుల్లేని స్వెట్టరు నాన్న మళ్ళీ తొడుక్కున్నాడు.

ఆట మొదలైంది. నేను జన్మలో మొదటిసారి తల ఎత్తి చూసిన ఆట అదే. అబ్బ, అంత వేగమా! బంతి రాకెట్టుకి తగిలితే ఠప్పుమనే ఆ శబ్దం ఛాతీలో తగిలేది. మొదటి ఆట జగ్గయ్యపేటది, రెండోది మాది. (చూశారా, అప్పటికే "మాది" అనేస్తున్నాను.) మా ఇంటి బంతులు కాబట్టి వాటి గుణాలు వాటికున్నాయి. ఒకటి గాల్లో పక్కకి తిరిగేది. ఒకటి పీచు లేచి గడ్డం పెంచింది. మూడు బంతులు అలా పనికిరాకుండా పోయాయి. మూడో ఆటలో ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాళ్ళదే మ్యాచి. బావ ఎగిరి కొట్టాడు. బంతి వల దాటింది, దాని వెనకాల గజాల కొద్దీ దారం! కుట్టు తెగి విప్పుకుంటూ వెళ్ళిన దారం వలకి చుట్టుకుంది, సగం బంతి అటు, సగం ఇటు. రెండు ఊళ్ళూ "మాదే! మాదే!" అని లేచాయి. డ్రిల్లు మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయారు. చివరికి, "ఈ పాయింటు మళ్ళీ ఆడాలి. ఇంకో బంతి పట్రండి" అన్నారు. మిగిలింది మెడపట్టీ బంతి ఒక్కటే.

ఆ బంతి అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగిందో! జనం ఊపిరి బిగబట్టారు. టెలిగ్రాఫు స్తంభం కొట్టింది కాస్తా ఎత్తుగా లేచి, తీరిగ్గా, సరిగ్గా బావ నెత్తి మీదికి దిగుతోంది. పసిపిల్లాడైనా కొట్టే బంతి. బావ చెయ్యెత్తాడు. అంతే, నాలోంచి ఒక కేక వచ్చింది. నేను పిలవలేదు, అదే వచ్చింది.

"కొట్టు బావా!"

ఆ నిశ్శబ్దంలో ఆ కేక మునేరు ఏటి అవతలికి కూడా వినపడి ఉంటుంది. బావ ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. బంతి అతని భుజానికి తగిలి, నిదానంగా దొర్లుకుంటూ కాళ్ళ దగ్గర ఆగింది. నాలుగో ఏడు కూడా నందిగామ ఓడిపోయింది.

జగ్గయ్యపేట వాళ్ళు ఎగిరి గంతులేశారు. నాన్న కూడా చేతుల్లేని స్వెట్టరుతో రెండు గంతులు వేసి, మూడోది వేయబోయి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. కూతురు కేక వేసింది ఏ ఊరి కోసమో, ఆ ఊళ్ళో కూడా ఎవరి కోసమో ఆయనకి అప్పుడు తట్టింది. నేను పమిట మొహానికి కప్పుకుని షామియానా గుంజ వెనక్కి పారిపోయాను. గుంజ సన్నంగా ఉంది, నేను అంత సన్నంగా లేను. బావ అక్కడికే వచ్చాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. "కొట్టమన్నావ్, బాగానే ఉంది" అన్నాడు రొప్పుతూ, "ఒక్క క్షణం ఆగి అనొచ్చుగా!" అని నవ్వేశాడు. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా ఉండటం నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం అందరూ పెసరట్లు తింటుండగా అత్తయ్య నాన్న ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అన్నయ్యా, మీ పిల్ల మా ఊరికి ఒకే ఏడు రెండుసార్లు అన్యాయం చేసింది. బంతులు అల్లేసింది, గెలిచే ఆట చెడగొట్టింది. దీనికేం జవాబు చెప్తావ్?"

"తప్పేనమ్మా. ఏం కావాలో నువ్వే అడుగు" అన్నాడు నాన్న.

"ఇంకేం కావాలి, పిల్లనే ఇచ్చెయ్. మా దగ్గరుంటే మా ఎదుటే చెడగొడుతుంది, జాగ్రత్తపడతాం."

ఆ వేసవిలో మా పెళ్ళయింది. బావ రాకెట్టు అటకెక్కించలేదు, ఆ తరవాతి డిసెంబరులో జగ్గయ్యపేట గడ్డ మీదే గెలిచి వచ్చాడు. (ఆ మ్యాచికి నన్ను రావద్దని జట్టంతా వచ్చి బతిమాలుకుంది. వెళ్ళలేదు.) స్వెట్టరుకి చేతులు మళ్ళీ అల్లి ఇస్తానని నాన్నని ఎన్నోసార్లు అడిగాను. ఆయన ఒప్పుకోలేదు, ఉన్నన్నాళ్ళూ అలాగే తొడుక్కున్నాడు. చేతులేవని ఎవరైనా అడిగితే, "అవి మా అమ్మాయి కట్నం కింద పోయాయండీ" అనేవాడు.

అన్నీ తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది గానీ, ఆ పూట గుంజ వెనక నిలబడ్డ పిల్లకి నవ్వు రాలేదు. తన పరువు, నాన్న పరువు, రెండు ఊళ్ళ ముందు ఒక్క కేకతో పోయాయని, ఇక బడిలో పిల్లల ముందు ఎలా నిలబడాలా అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు ఆచితూచి, ముందూ వెనకా చూసుకుని మాట్లాడాను. వాటిలో ఒక్కటీ ఆ కేకంత పని చేయలేదు. ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల ఎక్కడైనా కనపడితే కళ్ళు తుడిచి, "ఏడవకే పిచ్చిదానా, ఇంకాస్త గట్టిగా అరవాల్సింది" అని చెప్పాలని ఉంటుంది.